వినపడేంత దూరంలో

గురువారం సాయంత్రం దుక్మ్ నుంచి వస్తూనే మోజెస్ బూట్లు విప్పి గుమ్మం పక్కన పడేశాడు. వాటినిండా సైట్ ఇసుక. మహబూబీ వాటిని బాల్కనీలోకి తీసుకెళ్లి ఒకదానికొకటి కొట్టి దులిపి, తడిగుడ్డతో తుడిచి, గోడవారగా పెట్టింది. చేతులు పనిలో ఉన్నా చెవులు ఇంట్లోనే ఉన్నాయి. స్నానానికి వెళ్లేటప్పుడు అతను తలుపు ఎలా వేసుకుంటాడన్నదాన్నిబట్టి ఆ సెలవురోజులు ఎలా గడుస్తాయో ఆమె ముందే పోల్చుకునేది. ఆవేళ మెల్లగానే వేసుకున్నాడు. హమ్మయ్య అనుకుని వంటింట్లోకి వెళ్లి చారు వెచ్చబెట్టింది.

గల్ఫ్‌లో, బౌషర్ అనేచోట ఆ ఫ్లాట్ రెండో అంతస్తులో ఉంది. మోజెస్ భార్య అబిగైల్ దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సు. మోజెస్ దుక్మ్‌లో ఒక కంపెనీకి సైట్ మేనేజరు. వారమంతా అక్కడ క్యాంపులో ఉండి, సెలవులకు ఇంటికొస్తాడు. అతని తల్లి జ్ఞానాంబ భీమవరం వైపు నుంచి నాలుగురోజులు చూసిపోదామని వచ్చి, మోకాళ్ల నొప్పులతో ఇక్కడే ఉండిపోయింది. రాయచోటి నుంచి వచ్చిన మహబూబీ వంటా, ఇల్లూ, ముసలావిడ మందులూ చూసుకుంటుంది. ఆమె వీసా మోజెస్ పేరు మీద ఉంది.

భోజనాలయ్యాక మోజెస్ ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపాడు. హాల్లో ఒక మూల మహబూబీ అబిగైల్ యూనిఫారాలు ఇస్త్రీ చేస్తోంది. గోడమీద ఒక రాతి ఇల్లు వచ్చి నిలబడింది. చుట్టూ బోడికొండలు, కొండలమీద ఊదారంగు పొదలు, ఇంటిదాకా వచ్చి ఆగిపోయే ఒక సన్నటి మట్టిదారి. ఇంకే కట్టడమూ లేదు. ఆకాశం మాత్రం బోలెడంత.

"ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్," అన్నాడు మోజెస్. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం నిజంగానే వెలిగింది. "ఆగస్టులో మనం దిగబోయే చోటు ఇదే. కొండమీద ఒక్కటే ఇల్లు. పాలు కావాలన్నా కారేసుకుని వెళ్లాలంట. ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. క్యాంపులో ఒకడి గురక, ఇంకొకడి వీడియో కాల్, పక్కన జనరేటరు. ఏడాది పొడుగునా చెవులు చిల్లులు పడిపోయాయి నాకు. ఇక్కడ నువ్వూ నేనూ, గొర్రెలూ. అంతే."

సోఫాలో కూర్చున్న జ్ఞానాంబ కళ్లజోడు సవరించుకుని ఆ ఇంటివైపు చూసింది. ఒళ్లో ఉన్న ఫోన్‌లో సన్నగా క్రీస్తు పాట వస్తోంది.

"బాగుందండీ," అంది అబిగైల్. కాసేపాగి, "నేను కూడా ఒకటి చూశాను. పెట్టనా?" అంది.

"పెట్టు, పెట్టు."

ఆమె పెట్టిన బొమ్మలో ఒక ఊరి వీధి ఉంది. కింద బేకరీ, పైన గది. గది కిటికీ వీధిలోకి తెరుచుకుంటుంది. ఎదురుగా చర్చి, చర్చి ముందు బెంచీమీద ఎవరో ఇద్దరు ముసలివాళ్లు. "ఇంటావిడ కిందే ఉంటుందంట. పొద్దున్నే టిఫిను తనే చేసిపెడుతుందంట. సాయంత్రం అలా నడుచుకుంటూ వెళ్లొచ్చు."

మోజెస్ నవ్వాడు. "ఇంతదూరం పోయి బేకరీ మీద పడుకుంటామా? రొట్టెల వాసనకా?"

"ఊళ్లో అయితే నలుగురు మనుషులు కనబడతారు కదండీ."

"మనుషులెందుకు నీకు?"

గొంతు పెంచలేదు. ఆమె చేతిలోని రిమోట్ తీసుకోబోయేవాడిలా చెయ్యి చాపాడు. రిమోట్ తీసుకోలేదు, ఆమె చిటికెనవేలు పట్టుకున్నాడు. పట్టుకుని వెనక్కి వంచాడు. అబిగైల్ వేలితోపాటే పైకి లేచి, మునివేళ్ల మీద నిలబడింది.

"అడుగుతున్నాను. చెప్పు. మనుషులెందుకు?"

జ్ఞానాంబ ఒళ్లో పాట పెద్దదైంది. ఆమె బొటనవేలు ఫోన్ పక్కన మీట నొక్కుతూనే ఉంది. మహబూబీ చేతిలోని ఇస్త్రీపెట్టె తెల్లకాలరు మీదే ఉండిపోయి, గుడ్డ మాడిన వాసన వచ్చింది. వేలు దగ్గర 'టిక్'మని చిన్న చప్పుడు. అబిగైల్ కెవ్వుమంది.

వెంటనే కాళ్లకింద నేల అదిరింది. ధన్, ధన్, ధన్. కింది ఫ్లాట్‌లో ఉండే అక్తరీ బేగం చీపురుకర్రతో తన ఇంటి పైకప్పును పొడుస్తోంది. ఈ ఇంట్లో కేక వినపడ్డప్పుడల్లా ఆ ముసలావిడ చేసే పని అది.

మోజెస్ వేలు వదిలేశాడు. "చూశావా," అన్నాడు, నొచ్చుకున్నట్టుగా. "మన ఇంట్లో మనం మాట్లాడుకోవడానిక్కూడా లేదు." మళ్లీ టీవీలో రాతి ఇల్లు పెట్టుకుని, గదులన్నీ ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు శుక్రవారం. ఇక్కడ సెలవూ, ఆరాధనా ఆవేళే. చర్చి నుంచి వచ్చేసరికి అబిగైల్ చిటికెనవేలు పక్కవేలితో కలిపి టేపు చుట్టి ఉంది. ఆసుపత్రిలో రోజూ ఎవరికో ఒకరికి చుట్టే చెయ్యి కాబట్టి, ఎడమచేత్తో చుట్టుకున్నా కుదురుగా వచ్చింది. చర్చిలో ఎవరో అడిగితే కారు తలుపులో పడిందని చెప్పిందట. ఆ సంగతి మోజెస్సే నవ్వుతూ తల్లికి చెప్పాడు. చెప్పి, అబిగైల్ హ్యాండ్‌బ్యాగ్ తనే మోసుకొచ్చి బల్లమీద పెట్టి, పడుకోవడానికి గదిలోకి వెళ్లాడు.

వంటింట్లో మహబూబీ వంజరం చేపముక్కలు ఉప్పేసి రుద్ది కడుగుతోంది. అబిగైల్ వచ్చి పక్కన నిలబడి, మంచి చేత్తో పసుపు, కారం కలిపింది.

"మేడమ్," అంది మహబూబీ గొంతు తగ్గించి. "ఆ కొండమీది ఇల్లుండాదే... దాని పక్కన ఎవురూ ఉండరా?"

"ఎవరూ ఉండరు."

"మీరు అరిస్తే?"

పసుపు కలుపుతున్న చెయ్యి ఆగింది. అబిగైల్ కిటికీలోంచి బయటికి చూసింది. ఎండకు తెల్లబారిన పార్కింగ్ స్థలం, ఒక్క మనిషి లేడు.

"అక్కడ గాలి ఎక్కువంట," అంది.

మహబూబీ నీళ్లు వంపేసి మళ్లీ పట్టింది. ముక్కలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. అయినా మళ్లీ కడిగింది.

"నేను బేకరీ గది తీసేసుకున్నాను మహబూబీ," అంది అబిగైల్ ఉన్నట్టుండి. "నిన్నే, ఆయన టీవీ చూస్తుండగా, ఫోన్‌లో. ఎడమచేత్తోనే నొక్కేశాను."

"యా అల్లా! సారుకు తెలుసునా?"

"ఇంకా తెలీదు. ఇవాళ సాయంత్రం చెప్తా."

"ఏంటికి మేడమ్ ఇప్పుడు? రేపు దుక్మ్ పోతాడు గదా. పోయినాక ఫోన్‌లో చెప్పండి."

"ఫోన్‌లో చెప్తే వారమంతా మనసులో పెట్టుకుని తెస్తాడు. అది ఇంకా ఘోరంగా ఉంటుంది, నువ్వూ చూశావుగా. ఇప్పుడైతే కింద బేగంగారు ఉన్నారు. ఆవిడ ఉండగా చెప్పేస్తే ఒకటో రెండో దెబ్బలతో పోతుంది." ఆసుపత్రిలో డ్యూటీలు మార్చుకునేటప్పుడు మాట్లాడినట్టు, లాభనష్టాలు చూసుకుని మాట్లాడింది ఆ మాటలు. మహబూబీ ముక్కలు గిన్నెలో వేసింది.

మధ్యాహ్నం మహబూబీ చెత్తసంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే కింది గుమ్మంలో సూట్‌కేసు కనబడింది. అక్తరీ బేగం నల్లని అబాయా వేసుకుని, తాళంచెవి వెతుక్కుంటోంది. రుస్తాఖ్‌లో ఉన్న కూతురు హసీనాకు నొప్పులు మొదలయ్యాయట. అల్లుడు కారు పంపాడట. బేగం తాళం వేసి, మహబూబీ మణికట్టు గట్టిగా పట్టుకుంది. హైదరాబాదు మాటలో, మెల్లగా అంది: "ఉప్పర్ క్యా హోరా సో ముజే మాలూమ్ హై, బేటీ. మై ఆయే తక్ ఉస్ బచ్చీ కో దేఖ్."

పైన జరిగేది తెలుసనీ, తను వచ్చేదాకా ఆ పిల్లను కనిపెట్టుకొమ్మనీ. మహబూబీ తల ఊపింది. చెత్తసంచి ఇంకా చేతిలోనే ఉంది.

అప్పుడే పైనుంచి మోజెస్ దిగాడు. సిగరెట్టు కోసం వెళుతున్నట్టున్నాడు. "అయ్యో, మీరెందుకు మోస్తారు ఖాలాజాన్, ఇలా ఇవ్వండి," అని సూట్‌కేసు అందుకుని కారుదాకా మోశాడు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. కూతురికి సుఖంగా కావాలని దేవుణ్ణి వేడుకుంటానన్నాడు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, వెనక్కి వచ్చి, మూసి ఉన్న ఆ తలుపును ఒక్క క్షణం చూశాడు.

"రుస్తాఖ్ అంటే ఇప్పుడప్పుడే రాదు," అన్నాడు మహబూబీతో, ఊరికే అన్నట్టు.

ఆమె మెట్లు రెండేసి ఎక్కి వంటింట్లోకి వెళ్లింది. "మేడమ్, చెప్పొద్దండి. కింద ఎవురూ లేరు. బేగమ్మ పోయింది."

అబిగైల్ తల ఊపింది. ఆ సాయంత్రం ఏమీ చెప్పలేదు. మోజెస్ అడిగినవాటన్నిటికీ సరేనంది. రాతి ఇంట్లో నిప్పుగూడు బాగుందంది. ఆ కొండలమీద నడవడానికి కొత్తబూట్లు కొనాలంది.

శనివారం పొద్దున ఇడ్లీలు తిన్నాక మోజెస్ మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాడు. మధ్యాహ్నానికల్లా బయల్దేరితేగాని చీకటిపడేలోగా దుక్మ్ చేరడు. "వెళ్లేలోగా ఇది తేల్చేద్దాం," అన్నాడు. రాతి ఇల్లు టీవీ మీదకొచ్చింది. "కూర్చో. నీ పేరుమీదే తీసుకుందాం. నువ్వే ఇంటివాళ్లకి రాయి. నువ్వే ఏరి కోరి ఇది ఎంచుకున్నానని రాయి."

అబిగైల్ కూర్చుంది. కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. టేపు చుట్టిన వేళ్లు రెండూ పైకి నిలబడి ఉన్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడి పిండిగిన్నె గీకుతున్న మహబూబీకి ఆమె వీపు కనబడుతోంది. చాలాసేపు ఆ వీపు కదల్లేదు.

"రాయవే."

"నేను రాయనండీ," అంది అబిగైల్. "నేను ఆ ఇంట్లో ఉండను. ఊళ్లో గది తీసుకున్నాను. గురువారమే తీసుకున్నాను."

"ఏంటీ?"

"ఊళ్లో గది. నేను అందులోనే దిగుతాను."

మోజెస్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. తొందరేమీ పడలేదు. ఆమె జడ మెడ దగ్గర పట్టుకుని, మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని, తల బల్లకేసి కొట్టాడు. టీ కప్పు దొర్లి కిందపడి పగిలింది. మొదటిసారి ఆమె అరవలేదు. రెండోసారి బల్ల అంచు కనుబొమ్మ మీద తగిలింది. అరిచింది.

మోజెస్ చెయ్యి ఆగింది. అలవాటుకొద్దీ ఆగింది. మహబూబీ కూడా నేలవైపు చూసింది. కింద నుంచి ఏ చప్పుడూ రాలేదు. ఏసీ రొద, జ్ఞానాంబ ఫోన్‌లో పాట, అంతే. ఆ నిశ్శబ్దం నిజమేనని తేలాక అతని భుజాలు సడలాయి. ఎవరో తనకు సెలవు ఇచ్చినట్టుగా సడలాయి.

ఆ తర్వాత జరిగింది మహబూబీ అంతకుముందెప్పుడూ చూడనిది. ఇన్నాళ్లూ అతను కొలత ప్రకారం కొట్టేవాడు: బట్టల కింద దాగే చోటో, సాకు దొరికే చోటో, కింద కర్ర మోగేదాకా. ఇప్పుడు కొలత లేదు. జడపట్టి కుర్చీలోంచి ఈడ్చి కిందపడేశాడు. కప్పు పెంకుల మీద పడింది. డొక్కలో తన్నాడు. ఆమె ముడుచుకుంటే వీపుమీద తన్నాడు. తన్నుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. "ఒక్క వారం... ప్రశాంతంగా... ఉందామంటే... ఉండనివ్వవు కదే..." ప్రతి మాటకూ ఒక తన్ను. మొదట్లో 'అమ్మా' అన్న అబిగైల్ తర్వాత ఏమీ అనలేదు. ఊపిరి లోపలికి పోవడం లేదు. నోరు మాత్రం తెరుచుకుని, మూసుకుంటోంది.

మహబూబీ గిన్నె వదిలేసింది. పిండిచేతులతోనే వెళ్లి అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుని వేలాడింది. "వద్దు సార్! సచ్చిపోతాది సార్! ఆ యమ్మ సచ్చిపోతాది!"

మోచెయ్యి వచ్చి ఆమె నోటికి తగిలింది. ముందుపన్ను విరిగి నాలుక మీద పడింది. తూలి, గోడ పట్టుకుని, వీధి తలుపువైపు పరిగెత్తింది. గడియ తీసేలోపు అతను వచ్చి తలుపు కాలితో మూసి, ఆమె గొంతు పట్టి తలుపుకు ఆనించాడు.

"నీ వీసా ఎవడి పేరు మీదుంది?"

ఆమె చెయ్యి ఇంకా గడియ కోసం వెతుకుతోంది.

"ఎవడి పేరు మీదుందే?"

"మీ పేరు మీదే సార్."

"గుర్తుంటే చాలు." వదిలి, మళ్లీ అబిగైల్ వైపు తిరిగాడు.

జ్ఞానాంబ నిలబడి ఉంది.

ఆవిడ కర్రసాయం లేకుండా నిలబడటం మహబూబీ ఎప్పుడూ చూడలేదు. సోఫా చెయ్యీ, ఆ తర్వాత కుర్చీ వీపూ పట్టుకుంటూ వచ్చి, నేలమీదున్న కోడలికీ కొడుక్కీ మధ్య ఆగింది.

"చెరువుగట్టు మీద ఇల్లు గుర్తుందా నీకు?" అంది.

"నువ్వు గదిలోకి వెళ్లమ్మా."

"మీ నాన్న కట్టించాడు. ఊరికి దూరంగా, చుట్టూ చేపల చెరువులు. ప్రశాంతంగా ఉంటుందనే కట్టించాడు ఆయన కూడా." టీవీలో ఉన్న రాతి ఇంటివైపు చెయ్యి చూపించింది. "ఇదిగో, ఇలాగే ఉండేది. నేను అరిస్తే కొంగలు లేచేవి. ఒక్కసారిగా అన్నీ లేచిపోయేవి. కాసేపటికి మళ్లీ వచ్చి వాలేవి. అంతే."

"అమ్మా, నీకు చెప్తున్నాను..."

"నువ్వు మంచంకోడు పట్టుకుని ఏడ్చేవాడివి. పెద్దయ్యాక నాన్నని చంపేస్తానన్నావు నాతో. నేనే నీ నోరు మూశాను."

మోజెస్ ఆమెను పక్కకు నెట్టాడు. అంత గట్టిగా నెట్టాలనుకోలేదేమో. ముసలావిడ సోఫా అంచుకు కొట్టుకుని సగం కూర్చుని, సగం పడింది. కళ్లజోడు ఎగిరి ఎక్కడో పడింది. ఆవిడ అరవలేదు. కొడుకును చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు కొడుకును కాక ఇంకెవరినో గుర్తుపట్టినట్టుంది.

అతను తన చేతివైపు చూసుకున్నాడు. పిండి, రక్తం. స్నానాలగదిలోకి వెళ్లాడు. తలుపు ఎలా వేసుకున్నాడో మహబూబీ వినలేదు. నీళ్ల చప్పుడు మాత్రం వినబడింది.

జ్ఞానాంబ బొడ్లోంచి తాళాలగుత్తి తీసింది. ఇంట్లో బీరువా తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. తల్లి మీద నమ్మకంతో కాదు, భార్య మీద అనుమానంతో మోజెస్ చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు ఆ గుత్తిని మహబూబీ చేతిలో పెట్టి, "నీదీ దానిదీ పాస్‌పోర్టులు పై అరలో ఉంటాయి, తీసుకో," అంది.

మహబూబీ తీసుకొచ్చేసరికి అబిగైల్ మోకాళ్ల మీద లేచి ఉంది. ఒక చేత్తో డొక్క పట్టుకుని, రెండో చెయ్యి మహబూబీ భుజం మీద వేసింది.

"మీరూ రండి అత్తయ్యా," అంది. మాట సగమే బయటికొచ్చింది.

"ఈ మోకాళ్లతో మెట్లు దిగేసరికి వాడు వచ్చేస్తాడు. వెళ్లు." ఆవిడ మళ్లీ అంది: "నన్ను క్షమించమనను. వెళ్లండి."

మెట్లమీద ప్రతి మలుపులోనూ అబిగైల్ ఆగింది. మహబూబీ ఆమెను నడుం దగ్గర పట్టుకుని దించింది. బయట ఎండ కొలిమిలా ఉంది. రోడ్డుమీద ఆగిన టాక్సీవాడు ఇద్దరి ముఖాలూ చూసి, ఎక్కడికని అడక్కుండానే ఆసుపత్రివైపు తిప్పాడు.

అత్యవసర విభాగంలో బల్ల వెనక సెలిన్ ఉంది. నరసాపురం అమ్మాయి, అబిగైల్‌తో కలిసి పనిచేస్తుంది. తలెత్తి, "అదేంటక్కా, ఇవాళ నీ డ్యూటీ కాదుగా..." అని, మాట మధ్యలో ఆపి, బల్ల చుట్టూ తిరిగి పరుగున వచ్చింది.

"డ్యూటీకి రాలేదు. చూపించుకోడానికొచ్చాను."

మంచంమీద పడుకోబెట్టారు. డాక్టరు డొక్కలు నొక్కి చూసి ఎక్స్‌రేకి రాశాడు. కనుబొమ్మకు కుట్లు వేశారు. సెలిన్ మహబూబీ నోరు కడిగించి, విరిగిన పన్ను దగ్గర గాజుగుడ్డ మడిచిపెట్టి, కరిచిపట్టుకోమంది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "ఎలా జరిగిందని రాయమంటావక్కా? మెట్లమీద జారిపడ్డావా?"

ఇంతకుముందు కూడా ఆ పిల్ల ఇలాగే అడిగి ఉంటుందని మహబూబీకి అర్థమైంది. ఆ అడగడంలో దయ ఉంది. దాక్కోవాలంటే దాక్కోమని సెలిన్ ఒక తలుపు తీసిపట్టుకున్నట్టుంది.

అబిగైల్ కళ్లు మూసుకుని తెరిచింది. "జారిపడలేదు. మా ఆయన కొట్టాడు. అలాగే రాయి."

"అలా రాస్తే పోలీసులొస్తారక్కా. నీకు తెలుసుగా."

"తెలుసు. నేనే ఎంతమంది కోసం వాళ్లని పిలిచాను." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "వేలు కూడా రాయి. అది గురువారంది."

సెలిన్ ఫోన్ ఎత్తింది. అబిగైల్ మహబూబీ కొంగు పట్టి దగ్గరకు లాగింది. "నువ్వు పక్కగదిలో కూర్చో. నిన్నెవరూ అడగరు. నువ్వేం చూడలేదని చెప్తాను. నువ్వు చెప్పావంటే నీ వీసా రద్దు చేయించి ఇంటికి పంపించేస్తాడు. కూతురు చదువుకుంటోంది కదా."

మహబూబీ కదల్లేదు. కూతురు మెహరున్నీ కడపలో కాలేజీలో చేరి ఇంకా ఏడాది కాలేదు. నిన్న పొద్దునే ఫోన్‌లో హాస్టల్ కూర నీళ్లలా ఉంటోందని తిట్టింది. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. గోడవైపు చూస్తూ నిలబడింది. గాజుగుడ్డ నానిపోయి ఉప్పగా ఉంది.

పోలీసావిడ వచ్చింది. నీలంరంగు యూనిఫారం, తలకు బిగుతుగా చుట్టిన స్కార్ఫ్. పెద్ద వయసేమీ కాదు. అబిగైల్ దగ్గర కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుతుండగానే తెర పక్కకు జరిగింది. మోజెస్ వచ్చాడు.

స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. జుట్టు తడిగా ఉంది. పోలీసావిడకు సలామ్ చెప్పాడు. డాక్టరు ఎక్కడని అడిగాడు. అబిగైల్ కనుబొమ్మ చూసి "అయ్యో" అన్నాడు. తర్వాత అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి పోలీసావిడకు చెప్పడం మొదలుపెట్టాడు. భార్య బాత్రూంలో జారిపడిందనీ, పట్టుకోబోయి పనిమనిషి కూడా పడిందనీ, తలకు దెబ్బ తగిలి ఆమె ఏదో మాట్లాడుతోందనీ. నైట్ డ్యూటీలు ఎక్కువై నిద్ర ఉండటం లేదనీ, అందుకే ఇంగ్లండ్‌లో ప్రశాంతమైన చోటు చూసి సెలవుకు తీసుకెళుతున్నాననీ. అతని గొంతు ఎంత బాగుందంటే, సెలిన్ కూడా ఒక్క క్షణం నేలవైపు చూసింది.

"నామాట నమ్మొద్దు," అన్నాడు చివరికి. "ఈమెను అడగండి. మా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున అక్కడే ఉంది." మహబూబీ వైపు తిరిగి నవ్వాడు. ఇంట్లో మనిషితో నవ్వినట్టే నవ్వాడు. "చెప్పు మహబూబీ. భయపడకు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు."

అబిగైల్ దిండుమీద తల అటు తిప్పుకుంది. ఆమె చూడదలుచుకోలేదు.

పోలీసావిడ మహబూబీ వాచిన పెదవినీ, మెడమీద కమిలిన వేళ్ల గుర్తుల్నీ చూసింది. నువ్వు చూశావా అని హిందీలో అడిగింది. "తుమ్‌నే దేఖా?"

మహబూబీ నోట్లో వేలు పెట్టి గాజుగుడ్డ బయటికి తీసింది. ఎక్కడ పడేయాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుంది.

"దేఖీ," అంది. "ఇనే మారే. మేడమ్‌ను మారే, ముజే మారే. ఉనో అప్నీ మా కో బీ ఢకేల్ దియే."

చూశాను. అతనే కొట్టాడు. మేడమ్‌ను, నన్ను. తన తల్లిని కూడా నెట్టేశాడు. ఆ నాలుగు ముక్కలకు మోజెస్ ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. పోవాలని ఇంకా తెలియనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది.

"ఏం వాగుతున్నావే?" అన్నాడు తెలుగులో.

"ఉన్నదున్నట్టు చెప్పమంటిరి గదా సార్," అంది మహబూబీ. "చెప్తాండా."

అతను ఒక అడుగు ముందుకేశాడు. పోలీసావిడ లేచి నిలబడింది. ఆమె చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు. అరబ్బీలో ఒక్క మాట అంది. తెర అవతల నుంచి ఇంకొక పోలీసు వచ్చి మోజెస్ మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. బయట అతని గొంతు కొంతసేపు వినిపించింది. మొదట ఇంగ్లీషు, తర్వాత అరబ్బీ, చివరికి తెలుగు. ఆ తెలుగు అక్కడ ఎవరికీ అర్థం కాదు, వీళ్లకు తప్ప.

అబిగైల్ ఇటు తిరిగింది. కుట్లు వేసిన కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంటితో మహబూబీని చూసింది.

"ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే ఉండాది," అంది మహబూబీ సెలిన్‌తో. "కళ్లజోడు కూడా లేదు. ఎవురినైనా పంపించమ్మా." సెలిన్ తల ఊపి మళ్లీ ఫోన్ అందుకుంది.

పోలీసావిడ స్టూలు ఒకటి జరిపి మహబూబీని కూర్చోమంది. పేరు అడిగింది, ఊరు అడిగింది. వీసా ఎవరి పేరు మీదుందని అడిగింది. మహబూబీ చెప్పింది. ఆ తర్వాత పోలీసావిడ పెన్ను సర్దుకుని, మొదటినుంచి చెప్పమంది.

మొదలంటే ఏది? ఇవాళ పొద్దునా, గురువారమా, లేక తను ఈ ఇంటికొచ్చిన వారంలోనే అబిగైల్ బట్టలు ఉతుకుతుంటే జాకెట్టు మీద కనబడిన మరకా? మహబూబీ గుప్పిట్లోని గాజుగుడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"బహుత్ హై మేడమ్," అంది. "ఆప్ కే పాస్ టైమ్ హై నా?" చెప్పాల్సింది చాలా ఉంది, వినడానికి తీరిక ఉందా అని.

పోలీసావిడ వాచీ చూసుకోలేదు. "ఉంది," అంది.

నోట్లో మళ్లీ రక్తం ఊరింది. మింగేసి, మహబూబీ మొదలుపెట్టింది.